మందు లేదనే సాకు చెల్లదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరు వెళ్లి అడిగినా ఒకటే జవాబు: “ముసిలోలకి మతిమరుపు రాక మరేటొస్తాది?” ఇది ఇంట్లో ఆడవాళ్ల నోటి మాట. కాస్త చదువుకున్న కొడుకు దాన్నే ఇంకోలా అంటాడు: “అల్జీమర్స్ అని తేలితే మాత్రం ఏం చేస్తాం? దానికి మందే లేదట కదా. పరీక్షలకి డబ్బు దండగ.” ఓపీ బయట వంద మంది నిలబడి ఉంటే కొందరు డాక్టర్లు కూడా “వయసు పైబడిందమ్మా, జాగ్రత్తగా చూసుకోండి” అని పంపేస్తారు. పత్రికలు చదివేవారి ధోరణి మరో రకం. అమెరికాలో రక్తపరీక్ష వచ్చిందట, కొత్త ఇంజెక్షన్లు వచ్చాయట, అవి మన దాకా వచ్చినప్పుడు చూద్దాం అంటారు.

మాటలు వేరైనా అన్నీ చేరేది ఒక్క చోటికే: ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఈ వ్యాసం ఆ ఒక్క మాటను ఖండించడానికే. ఈ రెండు జిల్లాల్లో మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ల కోసం చేయగలిగినది చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో జిల్లా ఆసుపత్రిలోనో అయ్యే పనే. ఆ పని చేయకుండా కొత్త పరీక్షల కోసం, కొత్త మందుల కోసం ఎదురుచూస్తే అవి వచ్చిన రోజున కూడా మనకు అక్కరకు రావు.

ఎదుటివారి వాదంలో నిజమెంతో ముందే ఒప్పుకుంటాను. అల్జీమర్స్‌ను నయం చేసే మందు ఈ రోజుకీ లేదు. కొత్త ఇంజెక్షన్లు జబ్బు ముదరడాన్ని కొంచెం ఆలస్యం చేస్తాయంతే, పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తేవు. మెదడులో పేరుకున్న అమైలాయిడ్ ప్రొటీన్‌ను చూపించే పెట్ స్కాన్ పల్లె మనిషికి అందేది కాదు. వయసుతో ముప్పు పెరుగుతుందన్నదీ నిజమే. ఇవన్నీ ఒప్పుకున్నా, ‘కాబట్టి పరీక్ష దండగ’ అన్న తీర్పు వీటి నుంచి రాదు.

వయసే కారణమైతే అందరికీ రావాలి

మతి క్షీణించే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు, అల్జీమర్స్ వాటిలో ఒకటి. మన దేశంలో అరవై దాటినవారిలో డిమెన్షియా ఎంతమందికి ఉందో తేల్చడానికి లాసీ-డ్యాడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. దాని అంచనాలు 2023లో వెలువడ్డాయి. అరవై దాటినవారిలో 7.4 శాతం, దేశం మొత్తం మీద సుమారు 88 లక్షల మంది. వయసు వాదులు ఈ అంకెను తిరగేసి చదవాలి. నూటికి తొంభై ఇద్దరికి పైగా వృద్ధులకు ఈ జబ్బు లేదు. ముసలితనానికి మతి తప్పడం సహజమైతే ఈ తొంభై ఇద్దరి మాటేమిటి?

అసలు అలాయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906లో వైద్యుల సభలో మొదటిసారి వివరించిన రోగి ఆగస్ట్ డేటర్ ముసలమ్మే కాదు. ఆసుపత్రిలో చేరేనాటికి ఆమెకు యాభై ఒక్క ఏళ్లు. ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కణాల బయట గడ్డకట్టిన మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. మొదటివి అమైలాయిడ్ అనే ప్రొటీన్‌వని, రెండోవి టౌ అనే ప్రొటీన్‌వని తర్వాతి కాలంలో తేలింది. మతిమరుపు బయటపడడానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందు నుంచే ఇవి పేరుకోవడం మొదలవుతుంది. జుట్టు తెల్లబడడం, మోకాళ్లు అరగడం లాంటి వయసు మార్పు కాదిది. మెదడు కణాలను చంపే జబ్బు.

“అది పట్నపోళ్ల జబ్బు, గంజి తాగి పొలం దున్నుకునే మనకి రాదు” అనే ధీమా కూడా పల్లెల్లో ఉంది. లాసీ-డ్యాడ్ దాన్నీ నిలవనీయదు. డిమెన్షియా పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ, చదువుకున్నవారి కంటే చదువు లేనివారిలో ఎక్కువ అని అది చెప్పింది. ఇక మన సంగతి చూసుకోండి. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత విజయనగరం జిల్లాలో 58.89 శాతం, శ్రీకాకుళంలో 61.74 శాతం. ఉమ్మడి రాష్ట్రం సగటు 67 శాతం. చిన్నా పెద్దా అందరూ కలిసిన లెక్క ఇది. ఇప్పుడు డెబ్భై దాటిన ఆడవాళ్లను మాత్రమే విడిగా లెక్క తీస్తే ఎంత తేలుతుందో ఊహించుకోవచ్చు. పల్లె, ఆడజన్మ, చదువు లేకపోవడం, ఈ మూడూ కలిసేది ఉత్తరాంధ్ర ముసలమ్మ దగ్గరే. పైగా కొడుకులు హైదరాబాదుకో చెన్నైకో కూలిపనికి, తీరప్రాంతంలో అయితే గుజరాత్ వేరావల్‌కు చేపల వేటకు వెళ్లిపోగా ఇంట్లో మిగిలేది ఆమే. మతిలో వచ్చిన తేడాను మొదట కనిపెట్టాల్సిన మనుషులే ఊళ్లో లేరు.

ఏది వయసు, ఏది జబ్బు అన్నది అంత తెలియని విషయమేమీ కాదు. సంతలో కూరగాయల సంచి మరచి రావడం ఎవరికైనా జరుగుతుంది. ముప్పై ఏళ్లు అదే సంతలో బేరమాడిన మనిషి వంద నోటుకి చిల్లర లెక్క తేల్చుకోలేక చేతిలో డబ్బంతా కొట్టువాడి ముందు పోసి ‘నువ్వే తీసుకో’ అంటే అది వయసు కాదు. తన పొలం గట్టు మీద తనే దారి తప్పడం, పొద్దున పింఛను తీసుకుని మధ్యాహ్నానికి ‘నాకియ్యలేదు’ అని సచివాలయం ముందు తగువు పడడం, రోజూ వండే పులుసులో ముందేది వెయ్యాలో తెలియక పొయ్యి ముందు నిలబడిపోవడం వయసు కాదు.

మతిమరుపంతా అల్జీమర్స్ కాదు

‘మందు లేని జబ్బుకి పరీక్షెందుకు’ అనేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. పరీక్ష చేయకుండా అది మందు లేని జబ్బేనని వాళ్లకెలా తెలిసింది?

మతి తప్పించేవి చాలా ఉన్నాయి. విటమిన్ బి12 తగ్గితే మతిమరుపు వస్తుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో ఇది తగ్గే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ మందగిస్తే మనిషి మందకొడిగా, మరుపుగా తయారవుతాడు. భార్య పోయాక మాట తగ్గించేసి మూల కూర్చున్న ముసలాయనది మతిమరుపులా కనిపించే దిగులు కావచ్చు. గట్టు మీద జారిపడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మత్తుగా, తికమకగా మారినవారికి పుర్రె లోపల రక్తం గూడుకట్టి ఉండవచ్చు. సీటీ స్కాన్‌లో అది కనిపిస్తుంది, ఆపరేషన్‌తో తీసేయవచ్చు. నిద్రపట్టడానికని, దురదకని, జలుబుకని ఆర్ఎంపీ సంచిలోంచి వచ్చే కొన్ని మాత్రలు పెద్దవాళ్ల బుర్రను మొద్దుబారుస్తాయి. వాటిని ఆపితే తేరుకుంటారు. సారా ఎక్కువైనా, కిడ్నీలు బాగా దెబ్బతిని రక్తంలో మలినాలు పెరిగినా మతి మందగిస్తుంది. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా మతి చెదిరితే జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో కావచ్చు. అది ఇంట్లో పడుకోబెట్టి చూసే వ్యవహారం కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసరం.

వీటిలో ఏ ఒక్కదానికీ అమెరికా నుంచి పరీక్ష రానక్కర్లేదు. నాలుగైదు మామూలు రక్తపరీక్షలు, వాడుతున్న మందుల చీటీ ఓపికగా చదవడం, అవసరమైతే ఒక సీటీ స్కాన్ చాలు. శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ చేయలేని పని ఇందులో ఏముంది?

పూర్తిగా నయమయ్యే కారణాలు మొత్తం డిమెన్షియాలో కొద్ది భాగమేనని ఎవరైనా నాకు గుర్తు చేయవచ్చు. నిజమే. ఆ కొద్ది మంది ఎవరో పరీక్ష చేయకుండా తెలిసే దారి చెబితే నా వాదం వెనక్కి తీసుకుంటాను. ‘వయసమ్మా’ అని పంపేసిన ప్రతిసారీ ఆ జాబితా అంతటినీ చూడకుండానే కొట్టేసినట్టు.

నయం కాని జబ్బులకు మనం పరీక్షలు చేయడం లేదా?

షుగరు నయం అవుతుందా? బీపీ నయం అవుతుందా? ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇంటింటికీ తిరిగి రెండింటినీ చూస్తూనే ఉన్నారు. ఎవరూ దండగ అనడం లేదు.

అంతకంటే పెద్ద సాక్ష్యం మన గడపలోనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో వేల కుటుంబాలను కుంగదీసిన ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణమేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ముదిరాక పాడైన కిడ్నీని బాగుచేసే మందూ లేదు. అయినా ఊరూరా క్రియాటినిన్ పరీక్షలు జరిగాయి, డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, రక్షిత మంచినీటి పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. ఎందుకు వచ్చాయి? ఉద్దానం జనం ‘మందు లేదు కదా’ అని ఊరుకోలేదు కాబట్టి. కిడ్నీ విషయంలో గట్టిగా అడిగిన జిల్లా మెదడు విషయంలో తల వంచుకోవడం ఏం న్యాయం?

చికిత్స అనగానే నయం చేసే సూదిమందు ఒక్కటే గుర్తుకు రావడం మన అలవాటు. డోనెపెజిల్ 1996 నుంచీ, మెమాంటిన్ 2003 నుంచీ అమెరికాలో వాడుకలో ఉన్నాయి. రెండూ మన దేశంలో మామూలు జెనరిక్ మాత్రలుగా దొరుకుతాయి. జబ్బును ఆపవు, కానీ కొందరిలో కొన్నాళ్లపాటు పనులు చేసుకునే శక్తిని నిలబెడతాయి. గుండె వేగం, కడుపు వికారం చూసుకుంటూ డాక్టరు ఇవ్వాల్సిన మందులివి. ఇవి కూడా అందరికీ పనిచేయవు. అయితే మాత్ర ఒక్కటే చికిత్స కాదని గోవాలో రుజువైంది. అక్కడ 81 కుటుంబాల మీద జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో నిపుణులు కాని మామూలు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. జబ్బు గురించి వివరించడం, రోగి కోపాన్ని, తిరుగుడును ఎలా సముదాయించాలో నేర్పడం, అవసరమైనప్పుడు డాక్టరు దగ్గరకు పంపడం వాళ్ల పని. చూసుకునేవారి మానసిక కష్టం తగ్గింది. దీనికి యంత్రాలు కావాలా, కోట్లు కావాలా?

ఇంటి లోపల ఈ జబ్బు ఏం చేస్తుందో తెలిసినవారికి ఆ ఫలితం విలువ అర్థమవుతుంది. గంట కిందట అన్నం తిన్న అత్త వీధి అరుగు మీద కూర్చుని “కోడలు నాకు బువ్వెట్టలేదు” అని దారిన పోయేవారందరికీ చెబుతుంది. ఊరు నమ్ముతుంది. ఆడపడుచు ఫోను చేసి నిలదీస్తుంది. పగలంతా పనిచేసి రాత్రంతా అత్త వెనక తిరిగిన కోడలు దోషిగా నిలబడుతుంది. తాకట్టు పెట్టిన బంగారాన్ని దొంగిలించారని తండ్రి కొడుకు మీద పంచాయతీ పెడతాడు. రాత్రిపూట లేచి వీధుల్లో తిరిగే, తనలో తాను మాట్లాడుకునే ముసలమ్మ మీద చిల్లంగి అనుమానం పడే పల్లెలు ఇంకా ఉన్నాయి. అలాంటి అనుమానం ఎంత దూరం పోతుందో ఉత్తరాంధ్ర వార్తలు చదివేవారికి చెప్పనక్కర్లేదు. ఇది జబ్బు అని ఒక డాక్టరు కాగితం మీద రాసిస్తే ఈ గొడవల్లో సగం ఆ రోజే చల్లారుతాయి. మతి ఇంకా స్థిమితంగా ఉండగానే భూమి సంగతి, బ్యాంకు ఖాతా సంగతి, వీలునామా సంగతి తేల్చుకునే అవకాశం దొరుకుతుంది. ఆ తర్వాత వేయించుకున్న వేలిముద్రలు కోర్టులకెక్కుతాయి.

ఆపడం మందు కంటే ముందున్న మాట

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో పద్నాలుగు ముప్పులను లెక్కించింది. చిన్నప్పటి చదువు లేమి, చెవుడు, చూపు మందగించడం, బీపీ, షుగరు, చెడు కొలెస్టరాల్, పొగ, మద్యం, దిగులు, ఒంటరితనం, తల దెబ్బలు వగైరా. ఇవన్నీ తొలగిస్తే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా రాకుండా ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యం కావచ్చని దాని అంచనా. ఏ ఒక్క మనిషికీ ఇది హామీ కాదు. కానీ ఒక జిల్లా ఆరోగ్యశాఖకు ఇంతకంటే పెద్ద పనిపట్టీ ఉండదు.

అంచనాలు మాకెందుకు, రుజువు చూపండి అంటారా? చైనా పల్లెల్లో ఉంది. 326 ఊళ్లలో, బీపీ అదుపులో లేని 33,995 మంది మీద నాలుగేళ్లు జరిగిన పరిశోధన ఫలితం 2025లో వెలువడింది. పెద్ద డాక్టర్లు కాకుండా శిక్షణ పొందిన ఊరి వైద్య కార్యకర్తలే మందులు సరిచేస్తూ బీపీని గట్టిగా అదుపు చేసిన ఊళ్లలో డిమెన్షియా 15 శాతం తగ్గింది. అదే పని చేయగల ఏఎన్ఎంలు, ఆశాలు, గ్రామ ఆరోగ్య కేంద్రాలు మనకున్నాయి. బీపీ మాత్ర మెదడుకూ మందేనని ఎవరూ వాళ్లకు చెప్పలేదు, వాళ్లు జనానికి చెప్పలేదు. నెల వేసుకుని తల తిరగడం తగ్గగానే మానేసే మాత్రను ‘మతి పోకుండా’ అని చెప్పి ఇస్తే మానేవారు తగ్గుతారు.

మన తీరప్రాంతపు అడ్డపొగ సంగతీ ఇక్కడ చెప్పాలి. చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు ఇక్కడి ఆడవాళ్లలో ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో పది వేల మందికి పైగా పల్లె జనాన్ని పరిశీలించి, అంగిలి మీద అది తెచ్చే మచ్చల గురించి 1971లోనే పరిశోధకులు రాశారు. అడ్డపొగ అనగానే అందరూ నోటి క్యాన్సర్ వరకే ఆలోచిస్తారు. పొగ రక్తనాళాలను పాడు చేస్తుంది, మెదడులోవి కూడా రక్తనాళాలే.

చెవుడు, శుక్లం ఇంకా సులువు. శుక్లం తీయించుకుంటే చూపు వస్తుంది, మనుషుల మొహాలు తెలుస్తాయి, బయట తిరగడం మొదలవుతుంది. వినికిడి యంత్రాల మీద అమెరికాలో జరిగిన అచీవ్ పరిశోధన 2023లో చెప్పింది కొంచెం జాగ్రత్తగా చదవాలి. మొత్తం మీద తేడా కనిపించలేదు, కానీ ముప్పు ఎక్కువ ఉన్నవారిలో మూడేళ్లలో మెదడు శక్తి తగ్గడం 48 శాతం నెమ్మదించింది. ముప్పు ఎక్కువ ఉన్నవారంటే మన ఊళ్లలో అరుగు మీద కూర్చుని ఎవరేమన్నా చిరునవ్వు నవ్వే చెవిటి తాతలే.

తెలుగు నేల మీద పుట్టిన ఒక ఫలితం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించింది: రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు బయటపడింది ఒక్క భాషే తెలిసినవారి కంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా. చదువు రానివారిలో కూడా ఆ తేడా ఉంది. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ దీన్ని బలపరచలేదు కాబట్టి దీన్ని సూత్రంగా పట్టుకోకూడదు. అయినా ఇచ్ఛాపురం, సోంపేట వైపు తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే ముసలివాళ్లను ఏ పరిశోధకుడైనా ఎందుకు పట్టించుకోడు?

రక్తపరీక్ష మంచిదే, ఉద్దానంలో జాగ్రత్త

ఇప్పుడు కొత్త పరీక్షల సంగతి. నేను వాటికి వ్యతిరేకిని కాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో అల్జీమర్స్‌కు మొదటి రక్తపరీక్షను అనుమతించింది. లక్షణాలు ఉన్న యాభై ఐదేళ్లు పైబడినవారి రక్తంలో పి-టౌ217, అమైలాయిడ్ ప్రొటీన్ల నిష్పత్తిని అది చూస్తుంది. స్వీడన్‌లో 1,213 మంది మీద జరిగి 2024లో వెలువడిన పరిశోధనలో ఇలాంటి రక్తపరీక్ష సుమారు 91 శాతం సరిగ్గా చెప్పింది. అదే పనిలో అక్కడి మామూలు డాక్టర్ల అంచనా 61 శాతం, నిపుణులది 73 శాతం మాత్రమే సరిపోయింది. వెన్నులోంచి నీరు తీయకుండా, పెట్ స్కాన్ లేకుండా ఇంత తెలియడం గొప్ప మెట్టు.

అయితే ‘అదొస్తే అన్నీ తేలిపోతాయి’ అనేవారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ పరీక్ష ఉద్దానంలో ఎలా పనిచేస్తుంది? కిడ్నీల పనితీరు తగ్గినవారి రక్తంలో పి-టౌ పాళ్లు అల్జీమర్స్ లేకపోయినా పెరిగి కనిపించవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. నిష్పత్తులు చూసే పద్ధతుల్లో ఆ పొరపాటు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని అనుకోవడానికి లేదు. విశాఖలో ఏదో ల్యాబు రేపు ఈ పరీక్షను ప్యాకేజీలో కలిపి అమ్మితే, కవిటి నుంచి వెళ్లిన కొబ్బరి రైతుకు కిడ్నీ చెడిందన్న సంగతి చూడకుండానే అల్జీమర్స్ ముద్ర పడవచ్చు. ఆ పరీక్షకు ముందు క్రియాటినిన్ చూడాలన్న నియమం ఉద్దానానికి ఇప్పుడే కావాలి. స్వీడన్ రోగుల మీద తేలిన శాతాలు మన కిడ్నీలకు ఎంతవరకు వర్తిస్తాయో పలాస పరిశోధన కేంద్రమే తేల్చగలదు. వేల మంది కిడ్నీ రోగులు అందుబాటులో ఉన్న చోటు మరెక్కడుంది?

ఇంకో సంగతి. ఏ రక్తపరీక్షయినా మనిషిని మాటల్లో పరీక్షించిన తర్వాతిదే. అనుమతి ఇచ్చినవారే అది లక్షణాలున్నవారికని చెప్పారు. ఆ లక్షణాలు ఉన్నాయో లేదో చూసే ప్రశ్నలు మాత్రం చదువుకున్నవారి కోసం రాసినవి. ఈ రోజు తేదీ ఎంత, వందలోంచి ఏడేసి చొప్పున తీసేయండి, ఈ వాక్యం చదవండి అంటే బడి మొహం చూడని అమ్మ అల్జీమర్స్ లేకున్నా తప్పుతుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో 1990లలో నిరక్షరాస్యుల కోసమే హిందీ పరీక్షను కొత్తగా కట్టారు. నిమ్స్‌లో అడెన్‌బ్రూక్స్ పరీక్షకు తెలుగు రూపం వాడారు. మన పని ఇంకొంచెం ముందుకు పోవాలి. ఉత్తరాంధ్ర ముసలమ్మను తేదీ అడగక్కర్లేదు. పొలంలో ఏ పని నడుస్తోంది, పైడితల్లమ్మ పండగ అయిందా రావాలా, నిన్న ఇంటికెవరొచ్చారు అని ఆమె మాటలోనే అడగాలి.

సూదిమందు లెక్క

కొత్త ఇంజెక్షన్లు రెండు. లెకానెమాబ్‌కు అమెరికాలో 2023 జులైలో, డోనానెమాబ్‌కు 2024 జులైలో పూర్తి అనుమతి వచ్చింది. రెండూ మెదడులోని అమైలాయిడ్‌ను తొలగిస్తాయి. జబ్బు మొదటి దశలో ఉన్నవారికే పనికొస్తాయి. లెకానెమాబ్‌ను 1,795 మంది మీద ఏడాదిన్నర పరీక్షిస్తే జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించిందని తేలింది. వినడానికి పెద్ద మాటే. పద్దెనిమిది మార్కుల కొలతలో ఆ తేడా 0.45 మార్కు. వాడినవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. చాలామందికి లక్షణాలు లేవు, కొందరికి ప్రమాదమైంది. మందును రెండు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించుకోవాలి, ఈ వాపును కనిపెట్టడానికి మధ్యలో పదేపదే ఎంఆర్ఐ తీయించుకోవాలి. అమెరికాలో మొదట పెట్టిన ధర ఏడాదికి 26,500 డాలర్లు. 2024 ఆగస్టులో బ్రిటన్ ఈ మందుకు అనుమతిచ్చిన రోజునే, ప్రభుత్వ వైద్యంలో ఏ మందు కొనాలో తేల్చే నైస్ సంస్థ తన ముసాయిదాలో ఖర్చుకు తగిన లాభం లేదంది.

ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. రెండు వారాలకోసారి మతి కుదురుగా లేని తల్లిని రైలెక్కించి తీసుకెళ్లి తీసుకురావాలి. ఈ మందు చెడ్డదని నేననడం లేదు. సరైన రోగికి, తొలి దశలో, తగిన పర్యవేక్షణలో ఇస్తే మేలే. ముందు ముందు ఇంకా మంచివి, చౌకవి రావచ్చు. కానీ తొలి దశలో పట్టుకోవడమే రాని జిల్లాకు తొలి దశ మందు ఎంత చౌకయినా ఎవరికిస్తాం? ‘మందు వచ్చాక పరీక్ష చేద్దాం’ అనేవారి వాదం ఇక్కడే తిరగబడుతుంది.

అడగాల్సింది ఇదీ

కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ముప్పై దాటినవారి దగ్గర ఆశా కార్యకర్త నింపే ఆరోగ్య ఫారంలో అరవై దాటినవారికి విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి చిరునామా మరచిపోతున్నారా అన్నది అందులో ఒకటి. ఈ ప్రశ్న ఉండడం మంచిదే, కానీ రెండు లోపాలు. అయినవాళ్ల పేర్లు మరచిపోయేసరికి జబ్బు చాలా దూరం వచ్చేసి ఉంటుంది, అందుకని చిల్లర లెక్క, దారి, వంట క్రమం లాంటి ముందరి గుర్తులు అడగాలి. ‘అవును’ అని గడిలో టిక్కు పడ్డాక ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలో, అక్కడ ఏం చేస్తారో పక్కాగా ఉండాలి. రిమ్స్‌లో, విజయనగరం వైద్య కళాశాలలో వారానికి ఒక రోజు జ్ఞాపకశక్తి క్లినిక్ పెట్టాలి. థైరాయిడ్, బి12, సోడియం, క్రియాటినిన్, సీటీ అక్కడే ఉచితంగా చేయాలి. అవసరమైతే విశాఖ కేజీహెచ్ నిపుణుడితో వీడియోలో మాట్లాడించాలి. కేరళ 2014లోనే స్మృతిపథం పేరుతో డిమెన్షియా పథకం పెట్టుకుంది. మనకు ఎందుకు ఉండకూడదు?

ప్రతి నెలా ఒకటో తేదీన ఎన్టీఆర్ భరోసా పింఛను చేతికివ్వడానికి ప్రభుత్వ ఉద్యోగి ప్రతి వృద్ధుడి గడప తొక్కుతున్నాడు. పోయిన నెల డబ్బు లెక్కపెట్టుకున్న మనిషి ఈ నెల లెక్కపెట్టలేకపోతే మొదట కనిపించేది అతనికే. వైద్యం చేయక్కర్లేదు, ఏఎన్ఎంకు ఒక మాట చెబితే చాలు.

ఆశాల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉందన్న అభ్యంతరం సరైనదే. కొత్త పనికి కొత్త జీతం ఇవ్వాలి, శిక్షణ ఇవ్వాలి. వాళ్ల వెట్టిచాకిరీ మీద ఏ పథకమూ నిలబడదు, నిలబెట్టకూడదు.

కొడుకులకు, కూతుళ్లకు ఒక మాట. అమ్మ తేడాగా ఉందనిపిస్తే ఈ నెలే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ‘వయసమ్మా’ అంటే కదలకండి, థైరాయిడ్, బి12 చూశారా, మందులు చూశారా అని అడగండి. దూరాన ఉంటే వృద్ధుల సహాయ నంబరు 14567కు, మానసిక ఆరోగ్య నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అల్జీమర్స్‌కు నయం చేసే మందు లేదు, నిజమే. అల్జీమర్సేనా కాదా అని తేల్చుకోవడానికి, అయితే ఇంటిని సిద్ధం చేసుకోవడానికి, కాకపోతే మనిషిని వెనక్కి తెచ్చుకోవడానికి మాత్రం అన్నీ ఉన్నాయి. అవి ఉండగా చేతులు ముడుచుకుని కూర్చుంటే ఆ తప్పు జబ్బుది కాదు, మనది.